కొట్టంలో కుట్టని బొంత

ఎంకమ్మ బొంత కుట్టేటప్పుడు కూతుర్ని పక్కన కాదు, బొంత మీదనే కూర్చోబెట్టేది. పరిచిన చీరెలు జారకుండా ఒక మూలకు రోలు పొత్రం, ఇంకో మూలకు బండరాయి, మరో మూలకు వడ్ల సంచి, మిగిలిన మూలకు వజ్రమ్మ. "కదలకు బిడ్డా, నువ్వు గదిల్తే ముడత వడ్తది" అనేది. ఆ మూల మీద కూర్చుని చూసి చూసి వజ్రమ్మకు బొంత కుట్టడం వచ్చింది.

కూర్చున్నది మాత్రం బాల్‌రెడ్డి పటేలు పసుల కొట్టంలో. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు అవతల, సాగర్ రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు వాళ్లది. ఎంకమ్మ వాళ్లది ఊరి చివర వాడ. కోతలు అయిపోయి ఎండలు ముదిరినాక పటేలు ఇంటి నుంచి కబురొచ్చేది. ఏడాది పొడుగునా కట్టి మెత్తబడ్డ నూలు చీరెలు, పటేలు పాత దోతులు మూటగట్టి కొట్టంలో వేసేవాళ్లు. ఎంకమ్మ వాటిని చెరువులో ఉతికి, ఎండేసి, చినిగిన చోటు కత్తిరించి పొర మీద పొర పరిచేది. అడుగున ముతకవి, నడుమ మెత్తవి, పైన అంచు బాగున్న చీరె. ముందు పొడుగు టాకాలేసి పొరలన్నీ ఒకటిగా పట్టుకునేది. ఆ తర్వాత అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ వరుస వెనక వరుస కుట్టేది. అయిపోయిన బొంతను చేత్తో తడిమితే వరి నాటిన మడిలో మొలకల్లాగా కుట్లు వరుసగా తగిలేవి.

చివరి పరీక్ష వజ్రమ్మది. "పండుకో. అటిటు పొర్లు. ఏడన్న గడ్డ తగుల్తుందా చెప్పు" అనేది తల్లి. అట్లా పటేలు ఇంటికి పోయిన ప్రతి బొంత మీదా అందరికంటే ముందు పండుకున్నది వాడ పిల్ల వజ్రమ్మనే.

అప్పుడు ఆ ఇంటి దొర్సాని స్వరాజ్యం. బాల్‌రెడ్డి భార్య, పడుచు మనిషి. కొట్టం గడప బయటే నిలబడి "ఎంకీ, అయిందా?" అని అడిగేది. అయిందంటే బొంతను దండెం మీద వేయించేది. చెంబులో పసుపు కలిపి, వేపమండ ముంచి, బొంత నిండా చల్లేది. ఆరినాక గానీ అది ఇంటి లోపలికి పోయేది కాదు.

"మనం కుట్టినదానికి పసుపునీళ్లెందుకే అవ్వా?" అని అడిగింది వజ్రమ్మ ఒకసారి.

"గది వాళ్ల రివాజు బిడ్డా. నువ్వు కుట్టు సూడు."

వజ్రమ్మ మళ్లీ అడగలేదు. కానీ మరుసటి ఏడాది తల్లి పండుకొని చూడమంటే పండుకోలేదు. "గడ్డలు లేవు తియ్యి" అని నిలబడే చెప్పింది. ఎంకమ్మ కూతురి మొఖం చూసి, బొంతను తానే మడిచింది.

పెళ్లయ్యాక వజ్రమ్మ ఇబ్రహీంపట్నం వచ్చింది. మొగుడు మత్తయి బస్సు డిపోలో మెకానిక్కు. నెమ్మదస్తుడు, నవ్వే మనిషి. చర్చి సందులో రెండు గదుల ఇల్లు. పగలు కాలేజీ హాస్టల్లో వంటకు పోయేది, ఖాళీ దొరికితే బొంతలు కుట్టేది. ముందు చుట్టుపక్కల బాలింతలకు, తర్వాత అడిగినవాళ్లందరికీ. దబ్బనం నొక్కి నొక్కి వేలు కాయ కాస్తే మత్తయి ఇత్తడి గొట్టం ముక్క కోసి, అరగదీసి, వేలికి తొడుక్కునే టోపీ చేసి ఇచ్చాడు. డిపో గ్రీజు చేతులతో చీరెలు మాత్రం ముట్టనిచ్చేది కాదు ఆమె.

చివరి రోజుల్లో ఎంకమ్మ కూతురి దగ్గరే ఉంది. చూపు పోయింది, చేతికి మాత్రం అన్నీ తెలిసేవి. చీరె కొంగు రెండు వేళ్ల మధ్య నలిపి "గిది పాలిస్టరే, పక్కకెయ్యి" అనేది. అప్పటికే ఊళ్లల్లో నూలు చీరెలు తగ్గిపోతున్నాయి. జనం సంచుల నిండా తళతళలాడే చీరెలు తెచ్చేవాళ్లు. వజ్రమ్మ మొహమాటపడేది కాదు. "ఇవి జారుతయి, చెమట గుంజయి. పసిపిల్ల కిందికి పనికిరావు. మీ అత్త పెట్టె ఎతుకున్రి, మీ అమ్మమ్మ పెట్టె ఎతుకున్రి" అని తిప్పి పంపేది. వాళ్లు వెతికి తెచ్చేవాళ్లు. అట్లా తెచ్చిన చీరెతో ఒక ముచ్చట కూడా వచ్చేది. ఇది మా అమ్మ కాశీకి కట్టుకొని పోయింది, ఇది మా చెల్లె పెళ్లికి పెట్టిన్రు అని. వజ్రమ్మ కుట్టుకుంటూ అన్నీ వినేది. ఇబ్రహీంపట్నంలో ఎవరింటి చరిత్ర ఏ పొరలో ఉందో ఆమెకు తెలిసినంత వేరేవాళ్లకు తెలియదు.

కొంగరకలాన్‌లో కొత్త కలెక్టరాఫీసు లేస్తున్న కాలంలో స్వరాజ్యం ఇంటి నుంచి కబురొచ్చింది. బాల్‌రెడ్డి పోయి చాలా ఏళ్లయింది. కొడుకు తిరుమల్ పాత ఇల్లు పడగొట్టి రెండంతస్తుల ఇల్లు కట్టాడు. అతని బిడ్డ ఉజ్వలకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే పిల్లకు బొంత కావాలి, ఎంకి బిడ్డనే వచ్చి కుట్టాలి అని స్వరాజ్యం పట్టుబట్టిందట.

వజ్రమ్మ సూదిడబ్బా సంచిలో వేసుకొని ఆటో ఎక్కి పోయింది. కొట్టం ఉన్న జాగలో ఇప్పుడు కార్లు పెట్టే షెడ్డు ఉంది. అందులో ఒక చాప పరిచి ఉంది. పక్కన చీరెల మూట.

స్వరాజ్యం వరండాలో కుర్చీ మీద ఉంది. జుట్టంతా నెరిసింది, మోకాళ్లకు పట్టీలు. "వచ్చినవా వజ్రీ? మీ అవ్వ కూసున్న జాగనే. గాడ కూసో."

వజ్రమ్మ వంగి నేలను అరచేత్తో తడిమింది. టైర్లు జారకుండా సిమెంటులో గీతలు గీశారు. నడుమ నూనె మరక.

"ఈ నేల మీద బొంత రాదు, స్వరాజ్యమ్మా. పొరలు సాపుగ పడయి, సూది గీకుతది. మీ హాలుల బండలు సదునుగున్నయి. ఆడ పరుసుకుంట."

వాడ నుంచి వచ్చిన మనిషి స్వరాజ్యాన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. పక్కన నిలబడ్డ తిరుమల్ ఫోన్లోకి తలవంచాడు.

"హాలులకా?" అంది స్వరాజ్యం.

"అవ్. హాలులకే."

"ఇంకో చాప ఏపిస్త. రెండేపిస్త. హాలు పక్కన్నే దేవునర్ర ఉన్నది. చుట్టాలొస్తుంటరు..."

"చాపల ముచ్చట గాదు. నేల సంగతి నిజమే గని, నేల ఒక్కటే గాదు" అంది వజ్రమ్మ. "మా అవ్వ ఈ జాగల కూసోని కుట్టింది. మీరు పసుపునీళ్లు సల్లినంక గని ఆ బొంత మీ గడప దాటలే. గది సూసుకుంట పెరిగిన. నేను గట్ల కుట్ట. ఉజ్వల బిడ్డకు బొంత గావాలంటే చీరెలు మా ఇంటికి తేన్రి, మంచిగ కుడుత. మీరే రాన్రి. కుర్చేస్త, చాయ్ పెడ్త."

గొంతు పెంచలేదు. సంచి భుజాన వేసుకొని రోడ్డు మీదికి నడిచింది. ఆటో ఎక్కి కూర్చుంది. సూదిడబ్బా తీసి ఒళ్లో పెట్టుకొని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. చెరువు కట్ట దాటినాక గానీ పట్టు వదల్లేదు.

ఇంటికొచ్చి చెబితే మత్తయి కళ్లు పెద్దవి చేశాడు. "అన్నవా?"

"అన్న."

"మొత్తమా?"

"మొత్తం."

"నేనైతే నేల సంగతి కాడ్నే ఆపేటోన్ని" అని పకపకా నవ్వాడు. వజ్రమ్మకూ నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆమె తమ్ముడు సంజీవ ఆ ఊళ్లోనే ఉంటాడు. తిరుమల్ పొలం కౌలుకు పట్టి టమాట పెట్టాడు. ఒక పొద్దున మొఖం వేలాడేసుకొని వచ్చాడు.

"తిరుమల్ పటేలు ఒక్క మాట అనలేదక్కా. గని బాయి మోటరు తాళం అడిగితే రేపిస్త, ఎల్లుండిస్త అంటుండు. చెట్లు వడలిపోతున్నయి. ఒక్క బొంత అక్కా. పోయి కుట్టిరా. ఏం బోతది?"

వజ్రమ్మ పళ్లెంలో అన్నం పెడుతూ ఆగింది. "బొంతకేం గాదు తమ్మీ. నేను తక్కువైత. నీ పంట ఎండితే నీ ఇంటికి నేను బియ్యం మోస్త. గని ఆ షెడ్డుల మాత్రం కూసోను."

"నీకేమక్కా, పట్నంల ఉన్నవ్. ఆ ఊళ్లె బతికేది నేను" అని సంజీవ ముందర పెట్టిన పళ్లెం ముట్టకుండానే లేచిపోయాడు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అందులో అబద్ధం లేదు మరి. చేతిలో ఉన్న పని పక్కన పెట్టింది, వారం దాకా సూది పట్టలేదు. అయినా వస్తానని స్వరాజ్యానికి కబురు పంపలేదు. ఆమె మాట్లాడకుండా తిరుగుతుంటే చూడలేక మత్తయి తన పాత దోస్తు దగ్గర డీజిల్ ఇంజను అడిగి, ట్రాలీలో వేసుకొని, బావమరిది పొలానికి పోయాడు. వాగు మడుగులో పైపు దింపి రోజంతా దగ్గర నిలబడి నీళ్లు పారించాడు. మోటరు తాళం అప్పటికీ రాలేదు, టమాటలు మాత్రం కోలుకున్నాయి. సంజీవ బావకు అన్నం పెట్టి పంపాడు గానీ అక్క ముచ్చట ఎత్తలేదు.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం చర్చి విడిచిన వేళకు సందు మొదట్లో కారు ఆగింది. నిండు గర్భిణి ఒకామె మెల్లగా దిగింది, వెనక డ్రైవర్ పెద్ద మూట మోసుకొచ్చాడు.

"వజ్రమ్మా, నేను ఉజ్వలను. నేనే వచ్చిన."

ఉజ్వల ఇబ్రహీంపట్నంలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. వజ్రమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నడుముకు దిండు పెట్టింది. కూతురు కృపారాణి నీళ్లు తెచ్చింది. ఉజ్వల గ్లాసు అందుకొని గటగటా తాగేసింది. వజ్రమ్మ అది చూసింది.

"మీ నానమ్మ పంపిందా?"

"పొమ్మనలేదు, వద్దనలేదు. బీరువల నుంచి చీరెలు తీస్తుంటే సూసుకుంట కూసున్నది."

మూట విప్పారు. వజ్రమ్మ ఒక్కొక్క చీరె వేళ్లతో నలిపి పనికొచ్చేవి, రానివి వేరు చేసింది. ఎర్ర అంచు తెల్ల నూలు చీరె దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"గిది మీ నాయిన పుట్టినప్పుడు మీ నానమ్మ కట్టింది. రెండు రోజులు నొప్పులు వడ్డది. మంత్రసాని చేతులెత్తేస్తే ఎడ్ల కచ్చరం కట్టి పట్నం దవాఖానకు తీస్కపోయిండ్రు. ఈ చీరె మా అవ్వనే ఉతికింది. నేను కట్ట మీద కూసోని సూసిన. నీళ్లు ఎర్రగైనయి. ఆ పొద్దు మా అవ్వ ఇంటికొచ్చి, దొర్సాని బతకాలె అని దండం పెట్టుకున్నది."

ఉజ్వల కడుపు మీద చెయ్యి వేసుకుంది. "మా ఇంట్ల ఈ ముచ్చట ఎవ్వరు చెప్పలేదు."

"చీరె ఉన్నది గద, చెప్పింది" అని దాన్ని మడిచి పక్కన పెట్టింది వజ్రమ్మ. "గిదే పైకేద్దాం. గని బిడ్డా, ఒక్క మాట. ఈ బొంత మీద పసుపునీళ్లు సల్లద్దు. నా చేతుల కెంచి సక్కగ నీ పిల్ల కిందికి పోవాలె."

"పసుపునీళ్లెందుకు సల్లుతరు?"

వజ్రమ్మ చెప్పింది. దాచకుండా, పెంచకుండా చెప్పింది. "నేను సల్లనియ్య" అంది ఉజ్వల.

"నీ మాట నేను నమ్ముత. గని అప్పుడు నువ్వు దవాఖానల ఉంటవ్. ఇంట్ల ఉండేది మీ నానమ్మ. బొంత అయినంక ఆమెనే వచ్చి పట్కపోవాలె."

"రాకపోతే?"

"రాకపోతే బొంత ఈన్నే ఉంటది. నువ్వే పిల్లను ఎత్తుకొని రా. ఈన్నే పండవెడ్దం."

ఉజ్వల నవ్వింది. పోయేటప్పుడు తలుపు దగ్గర ఆగి "మోటరు తాళం సంగతి నాకు నిన్ననే తెలిసింది. నాయినతోని మాట్లాడిన" అంది. ఆ సాయంత్రమే తాళం సంజీవ చేతికి వచ్చింది.

వజ్రమ్మ మర్నాడే పని మొదలుపెట్టింది. సందులోని ఆడవాళ్లు ముగ్గురు తలా ఒక వైపు కూర్చున్నారు. పొరలు చేత్తో నిమిరి నిమిరి సాపు చేశారు. ఎర్ర అంచు నాలుగు వైపులా కనపడేటట్టు మడిచి, మామూలుకన్నా దగ్గర కుట్టు వేసింది వజ్రమ్మ. అంచు దగ్గర తాను తప్ప వేరేవాళ్లను సూది పెట్టనీయలేదు. సగం కుట్టు అయిందో లేదో ఉజ్వలకు ఆడపిల్ల పుట్టిందని తెలిసింది. ఇక చెయ్యి ఆపకుండా ముగించి, బొంత మడిచి, మంచం మీద పెట్టి ఎదురుచూసింది.

స్వరాజ్యం వచ్చింది. తిరుమల్ కారు నడుపుకొని తెచ్చాడు గానీ దిగలేదు. ఆమె గోడ పట్టుకొని మెట్లెక్కి, తలుపు దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంది.

"వజ్రీ..." అని, ఆగి, "వజ్రమ్మా" అంది.

"రాన్రి. కూసోన్రి."

కుర్చీ వేసింది. కృపారాణి స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి ఇచ్చింది. స్వరాజ్యం గ్లాసు పట్టుకొని కూర్చుంది. గోడ మీది సిలువ చూసింది, మంచం మీది బొంత చూసింది, చేతిలోని చాయ్ చూసింది. అప్పుడు ఒక గుక్క తాగింది.

"చక్కెర మస్తేసినవ్."

"మీకు షుగరున్నదా?"

"ఉన్నది."

"మరి సగం ఇడిసిపెట్టున్రి."

"పోసినంక ఇడుస్తనా" అని ఆఖరు దాకా తాగి గ్లాసు కింద పెట్టింది.

బొంత ఒళ్లోకి తీసుకొని అరచేత్తో అంతా తడిమింది. ఎర్ర అంచు దగ్గర చెయ్యి ఆగింది. "గిది తిరుమల్ పుట్టినప్పటిది."

"అవ్. మా అవ్వ ఉతికింది."

"ఎంకమ్మ చెయ్యి మెత్తగుండె" అంది స్వరాజ్యం. ఎంకి అనలేదు. "నీ కుట్టు జర బిర్రు."

"పసిపిల్లది. దినాం ఉతుకుతరు. బిర్రుగుంటెనే ఆగుతది."

"గది నిజమే."

స్వరాజ్యం లేచి బొంత భుజాన వేసుకొని మెట్లు దిగింది. తిరుమల్ చెయ్యి చాపితే ఇయ్యలేదు, ఒళ్లో పెట్టుకొనే కారులో కూర్చుంది.

తొట్టెల పండుగకు పిలుపొచ్చింది. ఉజ్వల ఫోన్ చేసి ఊరుకోకుండా కారు పంపింది. వజ్రమ్మ మంచి చీరె కట్టుకొని, కృపారాణిని వెంటబెట్టుకొని, ఆ ఇంటి ముందు తలుపు లోంచి లోపలికి పోయింది. హాలు నడుమ బొంత మీద పిల్ల పండుకొని ఉంది, పిడికిళ్లు బిగించి, కాళ్లు తన్నుతూ. వజ్రమ్మ పక్కన కూర్చుని అంచు సవరిస్తున్నట్టు చూసింది. తెల్ల చీరె తెల్లగానే ఉంది, ఎక్కడా పసుపు మరక లేదు. పిల్ల అరికాలిని వేలితో గిలిగింత పెట్టింది.

భోజనాల దగ్గర ఒక ముసలి చుట్టం వీళ్లను చూసి విస్తరి తీసుకొని వేరే గదిలోకి పోయింది. స్వరాజ్యం చూసింది, ఆపలేదు. వజ్రమ్మా చూసింది. ఇంకొంచెం పప్పు అడిగి వేయించుకొని కడుపునిండా తిన్నది. వస్తుంటే కృపారాణికి కోపం ఆగలేదు. "ఆ ముసలామె జేసింది సూసినవా అమ్మా? నేనైతే లేచొచ్చేదాన్ని."

"ఆమె లేచింది, మనం కూసున్నం. గది సాలు ఇయ్యాల్టికి" అంది వజ్రమ్మ.

తర్వాత ఏడాదే తిరుమల్ ఆ పొలం ప్లాట్లకు అమ్మాడు. కౌలు పోయిన సంజీవ ఆటో కొన్నాడు. ఎవరింటికో పోయినట్టు మొహమాటంగా అక్క గడపలోకి వచ్చి నిలబడితే, వజ్రమ్మ ఏమీ అడగకుండా అన్నం పెట్టింది, ఈసారి తిన్నాడు. ఇప్పుడు మహేశ్వరం వైపు నుంచి బొంతల చీరెల మూటలు ఆమెకు చేరేది అతని ఆటోలోనే. "మా అక్క పాలిస్టర్ ముట్టది, ముందే చెప్తున్న" అని గిరాకీలతో అతనే తగువు పెట్టుకుంటాడు.

హాస్టల్ వంట మానేసింది వజ్రమ్మ. సందులోని ఆడవాళ్లు రోజూ వస్తారు. కొంగరకలాన్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన కృపారాణి కూడా వచ్చి ఒక వైపు కూర్చుంటుంది. కుట్టు ఇంకా వంకరే గానీ టాకాలు బాగా వేస్తుంది. చీరెల మూటలతో రెండు గదులూ నిండిపోయి తన మంచం బయటికి వచ్చిందని మత్తయి అందరితో చెప్పుకుంటాడు. చివరికి మిద్దె మీద రేకుల గది వేద్దామని అనుకున్నారు. గోడలు లేస్తుంటే మేస్త్రీ కిటికీ ఎంత ఎత్తులో పెట్టాలని అడిగితే మత్తయి నిలబడి చేత్తో చూపించాడు. వజ్రమ్మ అతన్ని పక్కకు జరిపి, నేల మీద కాళ్లు చాపి కూర్చుంది. ఒళ్లో బొంత ఉన్నట్టే వంగి, వెలుతురు ఏ దిక్కు నుంచి చేతుల మీద పడుతుందో చూసుకుంది. అక్కడి నుంచే చెయ్యి చాపి, గోడ మీద బొగ్గుతో గీత గీసింది.

"ఈడికెంచి పెట్టు తమ్మీ. పెద్దగ పెట్టు."